అమ్మ ఎక్కిన అగ్నిపర్వతం

అగ్నిపర్వతం ఎక్కుదామన్న ఆలోచన మా ఆయనది. అందుకు కావలసిన బూట్లు, చేతికర్రలు, దుమ్ము పడకుండా కళ్ళకు పెట్టుకునే అద్దాలు, ముక్కుకు కట్టుకునే ముసుగులు అన్నీ కొన్నదీ ఆయనే. మూడు నెలల పాటు ఒళ్ళు హూనం చేసుకుని తయారైందీ ఆయనే. తీరా కొండ అంచు దాకా వెళ్ళి లోపలికి తొంగిచూసి వచ్చింది మాత్రం మా అమ్మ. అప్పటికి ఆవిడకి అరవై ఒకటి.

మేము పోర్ట్‌లాండ్ పక్కన బీవర్టన్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన కొలత పరికరాలు తయారుచేసే ఒక కంపెనీలో ఇంజనీరు. నేను ఆసుపత్రి లాబ్‌లో రక్తపరీక్షలు చేసేదాన్ని. నేను అమెరికా వచ్చిన మరుసటి ఏడు, ఎనభైలో, మాకు ఈశాన్యంగా ఉన్న సెయింట్ హెలెన్స్ కొండ పేలింది. గుండ్రంగా, తెల్లగా, ఇడ్లీలా ఉండేదని అందరూ మెచ్చుకునే కొండ తల ఒక్క పూటలో ఎగిరిపోయింది. కొన్ని వారాల తర్వాత గాలి మావైపు తిరిగిన ఒక రోజున మా వీధిలోనూ బూడిద పడింది. మా ఆయన కారెక్కి, వర్షం పడ్డప్పుడు చేసినట్టే వైపర్ వేశాడు. ఆ బూడిద నిజానికి పొడిచేసిన రాయి. అద్దం మీద అర్ధచంద్రాకారంలో గీతలు పడ్డాయి. ఆ కారు అమ్మేసేదాకా మేము లోకాన్ని ఆ గీతల్లోంచే చూశాం.

ఆ బూడిద కొంచెం సీసాలో పోసి, ఇండియా వెళ్తున్న తెలిసినవాళ్ళ చేత అమ్మకి పంపించాను. అమ్మ పిఠాపురంలో ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ టీచరు. ఏటా తొమ్మిదో తరగతికి అగ్నిపర్వతాల పాఠం చెప్పేది. నల్లబల్ల మీద కొండని నిలువుకోత కోసినట్టు బొమ్మ గీసి, మధ్యలో గొట్టం, కింద కుండ, పైన ఎర్ర సుద్దముక్కతో మంట వేసేది. చుట్టుపక్కల కొబ్బరితోటలూ వరిచేలూ తప్ప మిట్ట కూడా లేని ఊళ్ళో ఆ పాఠం ఎవరికీ అక్కర్లేదు, పరీక్షలో తప్ప. నేను పంపిన బూడిదని పౌడర్ డబ్బాలో పోసి క్లాసులో చేతులు మార్పించిందట. ఒక పిల్ల భక్తిగా నుదుట పెట్టుకుందట. "మూడో సెక్షనుకి వచ్చేసరికి డబ్బా సగం అయింది" అని ఉత్తరం రాసింది.

నాన్న పోయాక, అమ్మ రిటైరయ్యాక, ఎనభైల చివర్లో ఆరు నెలలు ఉండిపోదామని మా ఇంటికి వచ్చింది. ఆ కొండ ఎక్కడానికి జనాన్ని అనుమతించడం అప్పటికి ఈ మధ్యనే మొదలైంది. కొండ చల్లారిందని కాదు. లోపల ఇంకా పొగ వస్తూనే ఉంది. శాస్త్రజ్ఞులు దాని నాడి పట్టుకుని కూర్చునే ఉన్నారు. బాగుందనుకున్న రోజున పర్మిట్ ఇచ్చి పంపుతారు, బాగా లేకపోతే దారి మూసేస్తారు. ఆఫీసులో ఇద్దరు వెళ్ళొచ్చి, అంచు మీద నిలబడి తీయించుకున్న ఫోటోలు బల్లల మీద పెట్టుకున్నారట. మా ఆయనకి ఆ ఫోటోలు ఎదురుగా ఉంటే పని సాగలేదు.

ముందు ఒక లిస్టు తయారైంది. ఆఫీసు ప్రింటర్‌లో, రెండువైపులా చిల్లులుండే కాగితం మీద అచ్చువేసి తెచ్చి ఫ్రిజ్‌కి అంటించాడు. అది నేలదాకా వేలాడింది. రోజూ పొద్దున్నే కొండ పరిస్థితి చెప్పే రికార్డింగ్‌కి ఫోన్ చేసేవాడు. ఫోన్ పెట్టేసి, "ఇవాళ మామూలుగానే ఉందట" అని ప్రకటించేవాడు, దూరాన మంచంపట్టిన పెద్దవాళ్ళ కబురు చెప్పినట్టు. సాయంత్రాలు వీపున సంచీలో బియ్యం బస్తా పెట్టుకుని మా వీధి చివర స్కూలు స్టేడియం మెట్లు ఎక్కి దిగేవాడు. రెండో వారంలో బస్తా చిరిగి మెట్ల మీద బియ్యం పోసుకుంటూ దిగాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆయన స్టేడియంలో అడుగు పెడితే చాలు, పావురాలు దిగేవి.

అమ్మ ఇదంతా చూస్తూ వచ్చింది. ఒక ఆదివారం చిక్కుడుకాయలు వలుస్తూ, "నేనూ వస్తాను" అంది.

"ఎక్కడికి అత్తయ్యగారూ?" అన్నాడు మా ఆయన.

"ఆ కొండకే."

ఆయన నవ్వాడు. అమ్మ నవ్వలేదు. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"అది మామూలు హైక్ కాదండీ. నాలుగున్నర వేల అడుగులు నిలువుగా క్లైంబ్ చేయాలి. రాళ్ళు, యాష్, పైన సల్ఫర్ గ్యాస్ కూడా ఉండొచ్చు. ఈ వయసులో మీరు రిస్క్ తీసుకోకూడదు."

"ఎన్ని మెట్లుంటాయి?"

"మెట్లుండవు."

"ఇంకా నయం. నచ్చిన చోట కాలు వేసుకోవచ్చు" అని చిక్కుడు ఈనె తీసి పక్కన పెట్టింది.

డాక్టరు సరేనంటేనే అని మా ఆయన షరతు పెట్టాడు. డాక్టరు అమ్మ గుండె విని, బీపీ చూసి, దివ్యంగా ఉందన్నాడు. ఎలాగూ వచ్చాం కదా అని మా ఆయన బీపీ కూడా చూసి ఉప్పు తగ్గించమన్నాడు. ఆ వారమే మూడు పర్మిట్లకి అప్లై చేశాం.

అమ్మ తయారీ వేరుగా సాగింది. పొద్దున్నా సాయంత్రమూ స్కూలు ట్రాక్ చుట్టూ నడిచేది. నాతో లైబ్రరీకి వచ్చి, కొండ పేలినప్పటి ఫోటోల పుస్తకాలు తెచ్చుకుని, కళ్ళజోడు పైకి నెట్టి, ఒక్కో బొమ్మ కింద రాసింది వేలుపెట్టి చదివేది. ఆఫీసు స్నేహితులు కొండ మీంచి తెచ్చిన, స్పాంజిలా గుల్లగా ఉండే ఒక ప్యూమిస్ రాయిని మా ఆయన ఇంటికి తెస్తే, బకెట్‌లో నీళ్ళు పట్టి దాన్ని అందులో వేసింది. నేను పైన గదిలో ఉన్నాను.

"ఒసేవ్, రావే! తేలింది!" అని కేకేసింది.

"తేలుతుందని నువ్వే కదమ్మా మాకు చెప్పావు."

"చెప్పాను. చూళ్ళేదు కదే" అంది.

బూట్ల దగ్గర మాత్రం అత్తా అల్లుళ్ళకి కుదరలేదు. ఆయన కొనిపెట్టిన తోలుబూట్లు వేసుకుని అమ్మ హాల్లో నాలుగడుగులు వేసి, కాళ్ళకి రోళ్ళు కట్టినట్టుందని విప్పేసింది. చివరికి నా పాత కాన్వాసు బూట్లు, రెండు జతల ఉన్ని మేజోళ్ళు, చీర కింద నా ట్రాక్ పాంటు. చీర వదలమంటే వినలేదు. "అన్నవరం కొండ చీరతోనే ఎక్కాను, తిరపతి కొండ చీరతోనే ఎక్కాను" అంది. ఆ కొండలు పేలవు అని మా ఆయన అన్నాడు. పేలితే ఏ బట్టయినా ఒకటే కదా అని అమ్మ అంది. ఆయన ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి లిస్టులో ఒక జత బూట్లు కొట్టేశాడు.

సెప్టెంబర్‌లో ఒక శనివారం బయల్దేరాం. ఆ సాయంత్రం కొండ మొదట్లో డేరా వేసుకుని పడుకుని, మర్నాడు తెల్లవారుతుండగా నడక మొదలుపెట్టాం. దారి మొదట్లో ఒక రిజిస్టరు ఉంది. పైకి వెళ్ళేవాళ్ళు పేరు, టైము రాసి వెళ్ళాలి, దిగాక మళ్ళీ రాయాలి. రాయకపోతే వెతకడానికి మనుషుల్ని పంపుతారు. అమ్మకి ఈ హాజరుపట్టీ పద్ధతి బాగా నచ్చింది. ముగ్గురి పేర్లూ ముత్యాల్లాంటి టీచరు అక్షరాలతో తనే రాసింది.

మొదటి గంటన్నర అడవి. చల్లగా, మెత్తగా ఉంది. మా ఆయన కబుర్లు చెబుతూ ముందు నడిచాడు. ఆయన వీపు మీద సంచీలో ఒక స్టవ్, తాడు, మందుల పెట్టె, మూడు హెల్మెట్లు, రేడియో, లిస్టు ప్రకారం ఇంకా ఏమేమో ఉన్నాయి. సంచీ ఆయన తలకంటే ఎత్తుగా ఉంది. అడవి అయిపోయి రాళ్ళ గుట్ట మొదలయ్యాక కబుర్లు తగ్గాయి. ఎప్పుడో పారి గడ్డకట్టిన లావా అది. ఒక్కో రాయి గ్యాస్ బండంత, పొయ్యంత, కారంత. దారి లేదు. దూరదూరంగా పాతిన కర్రల్ని చూసుకుంటూ రాయి మీంచి రాయికి ఎక్కాలి. రాళ్ళ అంచులు గరుకుగా, వేసుకున్న చేతి తొడుగులు పీక్కుపోయేలా ఉన్నాయి. అమ్మ చెంగు నడుముకి బిగించి, చేతులూ కాళ్ళూ రెండూ వాడుతూ, ఆ రాళ్ళతో తనకేదో పాత పరిచయం ఉన్నట్టు ఎక్కింది. నేను వెనక ఎక్కాను, ఆయాసపడుతూ, వారానికి మూడు రోజులు ఏరోబిక్స్ క్లాసుకి వెళ్తున్నానన్న సంగతి నాకు నేనే గుర్తు చేసుకుంటూ.

రాళ్ళ గుట్ట ఇంకా సగం ఉందనగా మా ఆయన ఒక బండ మీద కూలబడ్డాడు. కొత్త బూట్లు విప్పితే రెండు మడమలూ బొబ్బలెక్కి చిట్లి ఉన్నాయి. కుడి మోకాలు వాచి గుండ్రంగా అయింది.

"ఫైవ్ మినిట్స్. సెట్ అయిపోతుంది" అన్నాడు.

పావుగంట అయింది. సెట్ కాలేదు. లేచి ఒక్క అడుగు వేసి మళ్ళీ కూర్చున్నాడు.

"మీరిద్దరూ వెళ్ళండి. నేనిక్కడే ఉంటాను" అన్నాడు, ముఖం అటు తిప్పుకుని.

మిమ్మల్ని ఇలా వదిలి ఎలా వెళ్తానండీ అన్నాను. చాలా బాధగానే అన్నాను. కానీ అప్పటికే నాకు కళ్ళు తిరుగుతున్నాయి, ఎప్పుడు ఎవరు ఆగుదామంటారా అని చూస్తున్నాను. ఆయన మోకాలు నా పరువు కాపాడింది. ఈ సంగతి ఇప్పటిదాకా ఆయనకి చెప్పలేదు.

అమ్మ మా ఇద్దరివైపూ చూడటం లేదు. పైకి చూస్తోంది. రాళ్ళు అయిపోయిన చోట నున్నటి బూడిద వాలు మొదలై, నిటారుగా, ఆకాశంలోకి పోయి ఆగింది.

అప్పుడు కింది నుంచి ఒక అమెరికన్ ఆవిడ వచ్చింది. ఒంటరిగా ఉంది. పొడుగాటి మనిషి, తెల్ల జుట్టు జడ, చేతుల్లో మంచు మీద జారేవాళ్ళు వాడే రెండు కర్రలు. అమ్మ వయసే ఉంటుంది. మా ఆయన మడమలు చూసి, తన సంచీలోంచి ప్లాస్టర్ తీసి, అడక్కుండానే అతికించింది. తర్వాత అమ్మవైపు చూసి, "ఈవిడ పైకి వెళ్తుందా?" అని నన్ను అడిగింది.

నేను జవాబు చెప్పేలోగా, "యెస్. ఐ వాంట్ టు గో" అంది అమ్మ, క్లాసులో లేచి నిలబడ్డ పిల్లలా.

"అయితే నాతో రమ్మను. నేను మెల్లగా నడుస్తాను. ఏటా వస్తాను, దారి తెలుసు."

మా ఆయన గబగబా ఏదో చెప్పబోయాడు. వాతావరణం, గ్యాస్, వయసు, ఇన్సూరెన్స్.

"మీరు కూర్చోండి బాబూ" అంది అమ్మ మెత్తగా. మూతి ముసుగు, కళ్ళద్దాలు, రెండు నీళ్ళ సీసాలు, పులిహోర డబ్బా తీసుకుంది. హెల్మెట్ ఇస్తే కొప్పు మీద కూర్చోలేదు. ఆవిడ ఒక కర్ర అమ్మకిచ్చింది. ఇద్దరూ వెళ్ళిపోయారు.

మేము నాలుగున్నర గంటలు ఆ బండ మీద కూర్చున్నాం. మా ఆయన బైనాక్యులర్స్ పెట్టుకుని నాకు వార్తలు చెప్పాడు. రాళ్ళు దాటారు. బూడిదలో ఉన్నారు. రెండడుగులు వేస్తే ఒకడుగు జారుతున్నారు. కూర్చున్నారు. లేచారు. రెండు చుక్కలు, ఒకటి నీలం, ఒకటి పసుపు. పసుపుది అమ్మ చీర. మధ్యాహ్నానికి పసుపు చుక్క ఆకాశం అంచుకి వెళ్ళి కనిపించకుండా పోయింది.

ఆ తర్వాత కాసేపటికి అంచు వెనక నుంచి తెల్లటి పొగ ఒక గుబురులా లేచింది. పెద్దదేమీ కాదు. చప్పుడు లేదు. మా ఆయన వాచిన మోకాలి మీద లేచి నిలబడ్డాడు. కిందికి దిగుతున్న కుర్రజంటని ఆపి అడిగితే, "ఓ, అది అలా వదులుతూనే ఉంటుంది" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళాక నాకు ఏడుపొచ్చింది. కన్నతల్లిని, పేరు కూడా తెలియని మనిషి చేతిలో పెట్టి, పొగలు కక్కే కొండలోకి పంపించి, నేను మొగుడి మోకాలికి తోడు కూర్చున్నాను. ఆయన నా చేయి పట్టుకుని, "స్టాటిస్టికల్‌గా చూస్తే..." అని మొదలుపెట్టాడు. మీరు మాట్లాడకండి అన్నాను.

వాళ్ళు దిగేసరికి ఎండ పక్కకి వాలింది. బూడిదలో కూర్చుని జారుతూ వచ్చారట. అమ్మ జుట్టు, కనుబొమ్మలు, చీర అన్నీ ఒకే రంగు. అద్దాలు తీస్తే కళ్ళ చుట్టూ మాత్రం రెండు శుభ్రమైన సున్నాలు. చీర అంచు మోకాలి దగ్గర చినిగింది. నవ్వుతోంది. నాన్న పోయాక అమ్మ అలా పళ్ళు కనబడేలా నవ్వడం నేను చూడలేదు.

"పులిహోర ఆవిడకి నచ్చిందే" అంది మొట్టమొదట.

"పైన ఏం చూశావమ్మా?"

"అంచు మీద నిలబడనివ్వలేదు, విరిగిపడుతుందిట. బోర్లా పడుకుని చూశాం. బోలెడు లోతు. మధ్యలో రాళ్ళ కుప్ప, దాని సందుల్లోంచి పొగ. కుళ్ళిన గుడ్డు వాసన. అవతలి పక్క గోడే లేదు తెలుసా, ఒక పక్క పగిలిపోయిన కుండలా ఉంది." చీర దులుపుకుంది. "మంట లేదు. ఎక్కడా ఎర్రగా లేదు. అన్నేళ్ళూ అనవసరంగా ఎర్ర సుద్దముక్కలు అరగదీశాను."

దిగడం మా ఆయనకి నరకమైంది. మోకాలు మడవలేక పెద్ద రాళ్ళ మీంచి వెనక్కి తిరిగి దిగాడు. ఆయన సంచీలోంచి స్టవ్ ఆ అమెరికన్ ఆవిడ తీసుకుంది, హెల్మెట్లు నేను తగిలించుకున్నాను, తాడు అమ్మ మెడలో వేసుకుంది. కింద రిజిస్టర్లో అమ్మే మళ్ళీ ముగ్గురికీ టైము వేసింది. ఆవిడ, అమ్మ అడ్రసులు రాసిచ్చుకున్నారు. వాళ్ళిద్దరికీ ఒకరి ఇంగ్లీషు ఒకరికి ఎంత అర్థమైందో నాకు తెలియదు. అమ్మది పుస్తకాల ఇంగ్లీషు, ఆవిడది అడవి ఇంగ్లీషు.

సోమవారం మా ఆయన చంకకర్రతో ఆఫీసుకి వెళ్ళాడు. కొండ మీద గాయపడ్డాడని అందరూ వచ్చి పలకరించారట. కొండ ఎంతవరకు ఎక్కాడన్నది ఆయన చెప్పలేదు, వాళ్ళూ అడగలేదట.

రెండు వారాల తర్వాత ఆదివారం పొద్దున ఆవిడ మా ఇంటికి వచ్చింది, కొండల్లో కాసే హకిల్‌బెరీ పళ్ళతో తను చేసిన జామ్ సీసా పట్టుకుని. అమ్మ పెసరట్లు పోసింది. ఆవిడ స్కూలు బస్సు నడిపి రిటైరైందని, ఆ కొండ అవతల స్పిరిట్ లేక్ ఒడ్డున వాళ్ళకో చిన్న ఇల్లుండేదని అప్పుడే తెలిసింది. కొండ పేలినప్పుడు విరిగిపడ్డ రాయీ మట్టీ సరస్సులో నిండి, నీటి మట్టం అమాంతం లేచి, ఆ ఇల్లు అడుక్కిపోయింది. అంచు మీంచి ఆ సరస్సు కనిపిస్తుందట. ఏటా వెళ్ళి చూసి వస్తుంది. ఆ చోటు అమ్మకి చూపించింది. అమ్మ రెండు వారాలుగా నాకీ సంగతి చెప్పనే లేదు.

తిన్న ప్లేట్లు కడగడానికి ఆవిడ నాతో వంటింట్లోకి వచ్చింది.

"మీ అమ్మ ఆ యూనివర్సిటీ సంగతి చెప్పింది. అంత మంచి సీటు. నాకైతే ఇప్పటికీ కోపం ఉండేది" అంది.

"ఏ యూనివర్సిటీ?" అన్నాను.

ఆవిడ నా ముఖం చూసి, తన తడిచేతులు చూసుకుని, "నేను తప్పుగా విన్నానేమో" అంది.

ఆవిడ కారు మలుపు తిరిగేదాకా ఆగాను. అమ్మ డైనింగ్ టేబుల్ దగ్గర జామ్ సీసా మూత తిప్పి వాసన చూస్తోంది.

"ఏ యూనివర్సిటీ అమ్మా?"

"వాల్తేరు" అంది, నిన్నటి కూర పేరు చెప్పినట్టు. "ఇంటర్ అయ్యాక జియాలజీలో సీటొచ్చింది. అడ్మిషన్ కార్డు కూడా వచ్చింది. రైలు టికెట్ తీశారు. ముందు రోజు మీ తాతయ్యకి ఎవరో చెప్పారు, ఆ చదువుకి మగపిల్లలతో కలిసి సుత్తులు పట్టుకుని కొండలెక్కాలని. టికెట్ వెనక్కిచ్చేశారు. తర్వాత బీఏ, బీఈడీ."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"ఆవిడ అడిగింది. కొండలంటే ఎందుకింత ఇష్టం అని. చెప్పాను." వేలితో కొంచెం జామ్ తీసి నాలుక మీద పెట్టుకుంది. "పుల్లగా ఉంది. నువ్వెప్పుడూ అడగలేదు."

పైగదిలోంచి మా ఆయన మోకాలికి ఐస్ కావాలని పిలిచాడు. వస్తున్నానన్నాను గానీ లేవలేదు. కుర్చీ లాక్కుని అమ్మ ఎదురుగా కూర్చున్నాను. తాతయ్యకి ఆ సంగతి చెప్పిందెవరని అడిగాను. అమ్మ సీసాకి మూత పెట్టి, "మీ పెద్ద మావయ్య" అని మొదలుపెట్టింది.